రెండున్నర అంగుళాల గొట్టం

నా చిన్నప్పుడు, నాలుగో తరగతి చదివే ఏడు, మా బావిలోకి ఒక కారు ఇంజను దిగింది. ఈ మాట చెబితే నా మనవరాళ్ళు కారు పోయి బావిలో పడిందేమో అనుకుంటారు. పడలేదు. మేమే దించాము. దానికి ఎనిమిది మంది మగవాళ్ళు, రెండు మోకులు, ఒక ఇనప గొలుసు, ఒక పూట పట్టింది. ఎందుకు దించామో చెప్పాలంటే ముందు ఆ ఇంజను మాకెలా వచ్చిందో చెప్పాలి.

మాది కళ్యాణదుర్గానికి బస్సులో ముప్పావు గంట దూరంలో ఉండే పల్లె. మా చేనికి అప్పటికి కరెంటు రాలేదు. కళ్యాణదుర్గంలో శెనక్కాయల వ్యాపారం చేసే ఒక శెట్టిగారి కారు రాయదుర్గం దారిలో బోల్తా పడింది. మనుషులకేమీ కాలేదు గానీ కారు మాత్రం నుజ్జునుజ్జయింది. రేకులు పాత ఇనుముకు పోయాయి. ఇంజనును మా నాయన తెచ్చుకున్నాడు. బస్టాండు పక్కన షెడ్డు పెట్టుకున్న ఒక సాయిబు తాత దానికి ఇనప చట్రం బిగించి, బెల్టుతో పంపుకు తగిలించి, పెట్రోలుతో లేచి కిరసనాయిలు మీద నడిచేలా మార్చి ఇచ్చాడు. రోడ్డు మీద శెట్టిగారిని మోసిన ఇంజను మా బావిగట్టు మీద కూర్చుని నీళ్ళు తోడడం మొదలుపెట్టింది. ధార పడేచోట నేను చెయ్యి పెడితే చెయ్యి నిలిచేది కాదు.

ఆ నీళ్ళన్నీ మా చిన్నాయన చీనీ చెట్లకే, అంటే బత్తాయి చెట్లకే. చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు. అప్పటికి ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో, పెళ్ళి కాలేదు. తోట పెట్టిన మొదటి రెండేళ్ళు ఆయన కావడితోనే నీళ్ళు మోశాడు. భుజాల మీద ఎద్దు మెడకు కాసినట్టు కాయలు కాసి ఉండేవి. ఇంజను తెచ్చింది కూడా ఆ కాయలు చూడలేకే అని మా అమ్మ అంటూ ఉండేది. ఏ చెట్టు ఎప్పుడు చిగురు వేసిందో, ఏ చెట్టుకు చెదలు పట్టిందో ఆయనకు నోటికి వచ్చు. పొద్దున లేచి మొహం కడుక్కునే ముందు తోటలోకి పోయి వచ్చేవాడు.

నేను నాలుగో తరగతికి వచ్చేసరికి వరుసగా రెండేళ్ళు వాన లేదు. శెనక్కాయ గింజ పట్టకముందే చేలోనే మాడిపోయింది. పశువులను అమ్ముకున్నవాళ్ళు అమ్ముకున్నారు. చీనీ చెట్లు మాత్రం ఆ ఏడే మొదటిసారి పిందె వేశాయి. అదే మా చిన్నాయనకు నిద్ర లేకుండా చేసింది. బావిలో నీళ్ళు రోజుకింత దిగిపోతున్నాయి. ఒకనాటి పొద్దున ఇంజను బాగానే తిరుగుతోంది గానీ పైపులోంచి నీళ్ళు రావడం లేదు. పంపు నీళ్ళను ఎంత పైకైనా తోస్తుంది గానీ కింద నుంచి పీల్చుకోవడానికి దానికొక హద్దు ఉంటుందట. నీళ్ళు ఆ హద్దు దాటి దిగిపోయాయి. ఇక మిగిలింది ఒకటే దారి. ఇంజనూ పంపూ రెంటినీ నీళ్ళ దగ్గరికి దించాలి.

మా బావి రాతి బావి. నాలుగు నిలువుల లోతున రాతిని తొలిచి చేసిన అరుగు ఒకటి ఉండేది. గోడలో పొడుచుకుని ఉన్న రాతిమెట్ల మీదుగా అక్కడికి దిగాలి. అక్కడికే ఇంజనును దించారు. ఇంజనుకు నిప్పురవ్వ ఇచ్చే బ్యాటరీ ఒక్కటి మాత్రం, దించడానికి బరువెందుకని, గట్టు మీదే ఒక చిన్న కొట్టం కింద ఉంచి, పొడుగాటి తీగ కిందికి లాగారు. పొగ బయటికి పోవడానికి ఇంజను నుంచి గట్టు దాకా ఒక గొట్టం నిలబెట్టాలి. చిన్నాయన దగ్గర పాత చేతిపంపుకు సంబంధించిన ఒక అంగుళం పైపులు ఉన్నాయి. వాటినే ఒకదానికొకటి అతికించి నిలబెట్టాడు.

ఇంజను లేచింది. కానీ అది మేమెరిగిన ఇంజను కాదు. ఉబ్బసం మనిషిలా ఆయాసపడింది. ధార నా మణికట్టు అంత కూడా రాలేదు. అరగంట కాకముందే ఇంజను మీద నీళ్ళు చల్లితే చుయ్‌మని ఆవిరైపోయేంత కాలిపోయింది. ఆపడం, చల్లారనివ్వడం, మళ్ళీ లేపడం, మళ్ళీ ఆపడం. మొదటి సాలు చెట్లకు కూడా నీళ్ళు పారలేదు. నాయన కళ్ళు ఎప్పుడూ బావి మీదే ఉండేవి, చిన్నాయన కళ్ళు చెట్ల మీద. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం తగ్గించేశారు. ఆ మౌనానికి నాకు భయం వేసేది.

మూడో రోజు సాయిబు తాత బస్సు దిగి వచ్చాడు. సన్నటి మనిషి. ఒక చెవి సరిగా వినిపించదు. ఇంజను లేపమని, గట్టు మీద గొట్టం చివర అరచెయ్యి కొంచెం ఎడంగా పెట్టి నిలబడ్డాడు. కాసేపటికి చెయ్యి తీసేసి చిన్నాయన వైపు చూశాడు.

"ఏమప్పా, ఈ గొట్టం యాడ తెచ్చినావు?"

"పాత చేతిపంపుది. పొగ పోయేదానికి ఇది చాలదా? పొగకేమన్నా బరువుండాదా?" అన్నాడు చిన్నాయన. మూడు రోజుల కోపమంతా ఆ గొంతులో ఉంది.

తాత వాదం పెట్టుకోలేదు. అటూ ఇటూ చూసి నన్ను పిలిచాడు. గట్టు పక్కన ఉన్న ఆముదం చెట్టు నుంచి ఒక సన్నటి కాడ తెంపి, ఆకు తీసేసి నా చేతిలో పెట్టాడు. ముక్కు మూసుకోమన్నాడు. గాలి నోరు తెరిచి ఎంతైనా పీల్చుకోవచ్చు, వదిలేది మాత్రం ఆ కాడలోంచే వదలాలి, అట్లా చింతచెట్టు దాకా పరుగెత్తి రావాలి అన్నాడు. నాకది ఆటలా అనిపించింది. ఉత్సాహంగా పరుగు తీశాను. సగం దూరం పోయేసరికి ఎదలో ఎవరో గుడ్డలు కుక్కినట్టయింది. ఇంకో నాలుగడుగులు వేసి మోకాళ్ళ మీద కూలబడి, కాడ పారేసి, ముక్కు వదిలేశాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తాత నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. "ఊపిరి తీసుకునేకి కాలేదా పాపా, ఇడిసేకి కాలేదా?"

"ఇడిసేకి" అన్నాను.

నేను కుదుటపడ్డాక నీళ్ళ తొట్టి దగ్గర ఉన్న బొప్పాయి చెట్టు నుంచి లావుపాటి కాడ తెచ్చి మళ్ళీ పరుగెత్తమన్నాడు. ఈసారి చింతచెట్టును ముట్టుకుని వెనక్కి వచ్చాను. రొప్పుతూనే వచ్చాను గానీ వచ్చాను.

"ఇంజనూ అంతేనప్పా" అన్నాడు తాత, చిన్నాయనతో. "కాలిన గాలి బయటికి పోతేనే కొత్త గాలి లోపలికి వచ్చేది. నువ్వు దాని గొంతు పిసికి, పని చెయ్యమంటాండావు."

చిన్నాయన ఊరుకోలేదు. అట్లయితే దారి పక్కన పడి ఉన్న సిమెంటు మోరీ గొట్టం ఒకటి తెచ్చి పెట్టేద్దాం, ఎంత లావు కావాలంటే అంత లావు అన్నాడు. తాత నవ్వలేదు. అంత లావుదైతే పొగ మధ్యలోనే చల్లబడి, ఊపు తగ్గి, పైకి రాకుండా నిలిచిపోతుందన్నాడు. సిమెంటు వేడికి పగులుతుంది కూడా. ఆయన రాతిమెట్లు దిగి, ఇంజను పొగ వదిలే నోటిలో వేళ్ళు పెట్టి కొలుచుకుని పైకి వచ్చాడు. కారు కింద ఉన్నప్పుడు గొట్టం పొట్టిది, ఇప్పుడు పొడుగైంది, పొడుగైన కొద్దీ ఇంజను నోటికన్నా కాస్త వెడల్పు ఉండాలి, వంపులు ఎంత తక్కువైతే అంత మంచిది అని లెక్క చెప్పాడు. చివరికి తేల్చింది రెండున్నర అంగుళాల ఇనప గొట్టం, వంపు ఒకే ఒకటి. అది కళ్యాణదుర్గంలో దొరకదు. అనంతపురం పోయి తేవాలి. మూడు నాలుగు రోజులు పడుతుందన్నాడు.

ఆ మాటకు చిన్నాయన విసురుగా తోటలోకి వెళ్ళిపోయాడు. నాయన అంతకుముందే బిందెలతో నీళ్ళు మోస్తూ తోట ఆ చివరకు పోయి ఉన్నాడు. ఇంతలో రోడ్డు మీద బస్సు వచ్చి ఆగింది. అది పోతే సాయంత్రం దాకా మరొకటి లేదు. తాత సంచి భుజాన వేసుకుని గబగబా నడుస్తూ నన్ను వెంట రమ్మన్నాడు. నడుస్తూనే చెప్పాడు.

"పాపా, నేను గొట్టం తెచ్చేదాకా ఇంజను ఆడించొద్దని మీ చిన్నాయనకు చెప్పు. గొట్టం ఇప్పేసి అసలుకే ఆడించొద్దు. ఆ పొగ బావిలో నిలబడితే, దాంట్లోకి దిగినోడు నిద్రపోయినట్ల పోతాడు. వాన్ని తీసేకి దిగినోడూ పోతాడు. ఇదంతా చెప్పు. మర్చిపోవద్దు."

మర్చిపోనని తల ఊపాను. కండక్టరు ఈల వేశాడు. తాత ఎక్కేశాడు.

నేను నిజంగానే మర్చిపోలేదు. సాయంత్రం అందరూ సంగటి ముందు కూర్చున్నప్పుడు, తాత వచ్చేదాకా ఇంజను ఆడించవద్దన్నాడని చిన్నాయనతో చెప్పాను. ఆయన తలెత్తకుండానే "ఊ" అన్నాడు. మిగతాది చెప్పబోయాను. "బావిలో పొగ నిలిస్తే దిగినోడు..." అనేసరికి మా అవ్వ నా వైపు కళ్ళు ఉరిమింది. "కూటి ముందర కూచోని యాందే ఆ మాటలు? తిను" అంది. మా ఇంట్లో చావు మాట తినేటప్పుడు ఎత్తకూడదు. ఇంట్లో మగవాళ్ళు దిగులుగా ఉన్నప్పుడు అసలే ఎత్తకూడదు. నేను నోరు మూసుకున్నాను. తర్వాత చెబుదాంలే అనుకున్నాను. తర్వాత చిన్నాయన మొహం చూస్తే చెప్పబుద్ధి కాలేదు. మరుసటి రోజు బడి. ఆ మరుసటి రోజూ బడే. ఆ సగం మాట నా దగ్గరే ఉండిపోయింది.

ఆదివారం నాడు నాయనకూ చిన్నాయనకూ సంగటి ఎత్తుకుని చేనికి బయలుదేరాను. చేను ఇంకా కనబడకముందే ఇంజను చప్పుడు వినబడింది. ఆయాసపు చప్పుడు కాదు. ఉరుము బావిలో దాక్కున్నట్టు పెద్ద మోత. కాలువ దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు! ఎర్రమట్టిని నురుగుగా తోసుకుంటూ నీళ్ళు పరుగెత్తుతున్నాయి. తోట ఆ చివర నాయన పార పట్టుకుని ఒక పాది తర్వాత ఒక పాది కట్ట తెగ్గొడుతున్నాడు. అంత దూరం నుంచి కూడా ఆయన తొందర తెలుస్తోంది. గొట్టం సంగతి తమ్ముడు ఎట్లాగో సరిచేశాడు అనుకున్నాడట ఆయన. బావి వైపు వచ్చి చూసే తీరిక లేదు.

నేను గట్టు దగ్గరికి పోయాను. అంగుళం పైపులన్నీ విప్పి వరసగా నేల మీద పెట్టి ఉన్నాయి. చిన్నాయన నన్ను చూసి పరుగెత్తుకొచ్చి చంకల కింద చేతులు వేసి పైకెత్తి గిర్రున తిప్పాడు. "చూసినావా పాపా ధార! మూడో సాలుకు పారినాయి నీళ్ళు!" అన్నాడు. పది రోజుల తర్వాత ఆయన పళ్ళు కనబడటం అదే.

"చిన్నాయనా, తాత ఏమి చెప్పినాడంటే..." అన్నాను.

"తాత గొట్టం తెచ్చేలోపల చెట్లు కట్టెలైతాయి" అని నన్ను దించేశాడు.

అప్పుడైనా చెప్పాల్సింది. నీళ్ళు పారుతున్నాయి. అందరూ సంతోషంగా ఉన్నారు. ఆ సంతోషం మధ్య ఆ మాట పెట్టడానికి నాకు నోరు రాలేదు. బావిలోకి తొంగి చూశాను. నీలిరంగు పలచటి పొగ అరుగు చుట్టూ తిరుగుతూ ఉంది. పైకి వస్తున్నట్టూ ఉంది, రానట్టూ ఉంది. చిన్నాయన ఒకసారి కిందికి దిగి కిరసనాయిలు పోసి వచ్చాడు. వచ్చి తల పట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు. కణతలు నరుకుతున్నాయన్నాడు. ఎండ దెబ్బేమోలే అని చెంబెడు నీళ్ళు తాగాడు. నేను ఆయన మొహమే చూస్తూ ఉన్నాను. కాసేపటికి బెల్టు జారుతున్నట్టు కీచుమని చప్పుడు వచ్చింది. ఆయన లేచి మళ్ళీ దిగాడు. లేచేటప్పుడు ఒక అడుగు తూలాడు.

నేను గట్టు అంచున బోర్లా పడుకుని చూస్తున్నాను. ఆయన అరుగు మీదికి చేరాడు. బెల్టు వైపు చెయ్యి చాపాడు. మళ్ళీ చెయ్యి తీసుకున్నాడు. ఏదో ఆలోచిస్తున్నవాడిలా గోడకు ఆనుకుని మెల్లగా కూర్చున్నాడు. తల భుజం మీదికి వాలింది. పిలిచాను. ఇంజను మోతలో వినబడలేదేమో అని ఇంకా గట్టిగా పిలిచాను. చిన్న రాయి తీసి ఆయన కాళ్ళ దగ్గర పడేలా వేశాను. రాయి పాదానికి తగిలింది. పాదం కదల్లేదు.

కాలువ వెంబడి ఎట్లా పరుగెత్తానో తెలియదు. నాయన నా మొహం చూసి పార పారేశాడు. నన్ను దాటుకుని బావి వైపు దూసుకుపోయాడు. నేను చేరేసరికి ఆయన మొదటి రాతిమెట్టు మీద ఒక కాలు పెట్టి ఉన్నాడు. "ఒరే! ఒరే!" అని తమ్ముడిని పిలుస్తున్నాడు. రెండో కాలు కూడా దించబోతుండగా నేను వెళ్ళి ఆ కాలిని రెండు చేతులతో వాటేసుకున్నాను.

"ఇడ్సు పాపా!"

వదల్లేదు. ఆయన విదిలించాడు. నా గడ్డం రాతికి కొట్టుకుంది. ఇంకా వదల్లేదు.

"దిగొద్దు నాయనా! పొగలోకి దిగినోడు నిద్రపోయినట్ల పోతాడంట! తీసేకి దిగినోడూ పోతాడంట! సాయిబు తాత చెప్పినాడు! నాకు చెప్పినాడు!"

మా నాయన ఆగాడు. నా జీవితంలో అంత పొడుగాటి క్షణం మరొకటి లేదు. కింద ఆయన తమ్ముడు ఉన్నాడు. కావడి మోసిన ఆ భుజాలు పైనుంచి కనబడుతూనే ఉన్నాయి. దిగాలని ఒళ్ళంతా ముందుకు వంగి ఉంది. అయినా ఆ కాలును మెట్టు మీద నుంచి వెనక్కి తీసుకున్నాడు. తీసుకుని, పిచ్చిచూపు చూస్తూ అటూ ఇటూ తిరిగాడు. ఏమి చెయ్యాలో తోచక అరిచాడు. అప్పుడు బ్యాటరీ కనబడింది. ఒక్క గుంజు గుంజాడు. తీగ తెగి చేతికి వచ్చింది. కింద ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం మోత కన్నా ఘోరంగా ఉంది.

నాయన అరుపుకు పక్క బీడులో గొర్రెలు మేపుకునే ఒక పెద్దాయన వచ్చాడు. ఇంకో చేను నుంచి ఇద్దరు వచ్చారు. గొర్రెల పెద్దాయన వయసులో ఉన్నప్పుడు బావులు తవ్వే పనికి పోయినవాడట. బావిలోకి ఒక్క చూపు చూశాడు. భుజం మీది కంబళి తీసి, దాని రెండు మూలలకు తాళ్ళు కట్టి, కింది అంచుకు రాళ్ళు మూటగట్టి బావిలోకి దించమన్నాడు. దించడం, విసురుగా పైకి లాగడం. మళ్ళీ దించడం. చెడ్డ గాలి కదలాలి, మంచి గాలి దిగాలి అన్నాడు. ఒకరు వేపకొమ్మలు విరిచి వాటితోనూ అట్లాగే చేశారు. ఎన్నిసార్లు లాగారో నాకు తెలియదు. ప్రతిసారీ నాయన, "చాలు, ఇంక దిగుతా" అనేవాడు. ప్రతిసారీ పెద్దాయన, "ఇంగొంచేపు తాళప్పా. పోతే ఇద్దరు పోతారు" అనేవాడు. నేను గట్టు మీద కూర్చుని, చిన్నాయన చొక్కా ఎద దగ్గర కదులుతోందా లేదా అని చూస్తూ ఉన్నాను. కదిలినట్టే ఉండేది. మళ్ళీ నా కళ్ళే కదిలాయేమో అనిపించేది.

చివరికి పెద్దాయన నాయన నడుముకు మోకు కట్టాడు. కింద ఉన్నంతసేపూ మాట్లాడుతూనే ఉండాలి, మాట ఆగిందంటే లాగేస్తాం అని చెప్పాడు. ఏమి మాట్లాడాలని ఎవరూ చెప్పలేదు. మా నాయన దిగుతూ తమ్ముడితో మాట్లాడటం మొదలుపెట్టాడు. బావి గోడలకు తగిలి ఆ మాటలు పైకి వచ్చాయి. "లేయ్‌రా. నీళ్ళు బాగా పారినాయిరా. మూడో సాలు దాటినాయి. మూలన ఆ గిడసబారిన చెట్టుండాదే, దానికీ పెట్టినా. వచ్చినా ఉండు. ఇదో, వచ్చినా. లేయ్‌రా, అమ్మ సంగటి పంపించింది..."

ఉన్నట్టుండి మాట ఆగింది.

పైన ముగ్గురూ మోకు బిగబట్టి వెనక్కి వాలారు. "ఉండండప్పా! ముడి ఎయ్యనీండి!" అని కింద నుంచి కేక. తాడు పళ్ళతో పట్టుకుని తమ్ముడి చంకల కింద రెండో మోకు ముడి వేస్తున్నాడట. నాకు మళ్ళీ ఊపిరి వచ్చింది.

మొదట చిన్నాయన పైకి వచ్చాడు. మొహం ఎర్రగా, హాయిగా నిద్రపోతున్న మనిషి మొహంలా ఉంది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. గొర్రెల పెద్దాయన చెవి ముక్కు దగ్గర పెట్టి, "ఉండాది, ఉండాది" అన్నాడు. వెనకే పైకి వచ్చిన నాయన గట్టు మీద వాంతి చేసుకున్నాడు. రాళ్ళు తోలే లారీ ఒకటి రోడ్డు మీద దొరికింది. కళ్యాణదుర్గం ఆసుపత్రికి, అక్కడి నుంచి అనంతపురానికి తీసుకుపోయారు.

మరునాడు నాయన తిరిగి వచ్చాడు. మనిషి బతికాడు గానీ ఇంకా మాట రాలేదన్నాడు. ఊళ్ళో వాళ్ళంతా మా ఇంటికి వచ్చి నా తల నిమిరి పోతున్నారు. పాప చెప్పబట్టే రెండో ప్రాణం దక్కింది, ఎంత తెలివి అంటున్నారు. ఆ చేతులు తల మీద పడుతుంటే నిప్పు కణికలు పెట్టినట్టు ఉండేది. ఒక్కరికీ తెలియదు, ఆ మాట మూడు రోజులుగా నా దగ్గరే ఉందని.

మధ్యాహ్నం బస్సుకు సాయిబు తాత వచ్చాడు. బస్సు మీద నుంచి ఇనప గొట్టాలు దించుకుంటుంటే ఎవరో జరిగింది చెప్పారట. గొట్టాలు రోడ్డు పక్కనే వదిలేసి మా ఇంటికి నడిచి వచ్చాడు. నేను శెనక్కాయ పొట్టు పోసే గదిలో దాక్కున్నాను. ఆయన నన్ను వెతుక్కుంటూ అక్కడికే వచ్చి, ఏమీ అడక్కుండా గడప మీద కూర్చున్నాడు. నాకే ఏడుపు ఆగలేదు. సగమే చెప్పానని, అవ్వ కసిరితే మిగతాది మింగేశానని, ఆదివారం కూడా చెప్పలేదని, అంతా కక్కేశాను.

నీ తప్పేమీ లేదు అంటాడనుకున్నాను. పిల్లలతో పెద్దలు అదే అంటారు. ఆయన అనలేదు. "నీ తప్పు సగం ఉండాది పాపా" అన్నాడు. "ఇంగో సగం నాది. మీ నాయనను పిలిచి చెప్పల్సిన మాట బస్సు పోతాదని నీ నోట్లో పెట్టి పోతిని. ఆ బరువు పెద్దోళ్ళు మోసేది. నువ్వు మోసేది కాదు. లెయ్, పోదాం. నీ సగం నువ్వు చెప్పు, నా సగం నేను చెప్తా."

నన్ను చెయ్యి పట్టుకుని నట్టింట్లోకి తీసుకుపోయాడు. అక్కడ నాయన, అమ్మ, అవ్వ ఉన్నారు. ముందు ఆయనే చెప్పాడు. అరవై ఏళ్ళ మనిషి, మా ఇంటికి చుట్టం కూడా కాడు, నిలబడి, "నాది తప్పైందప్పా" అన్నాడు. తర్వాత నా భుజం తట్టాడు. నేను చెప్పాను. మొత్తం చెప్పాను. నాయన నన్ను దగ్గరికి పిలిచి, ముందురోజు రాతికి కొట్టుకున్న నా గడ్డం మీద గాయాన్ని బొటనవేలితో తాకి చూశాడు. మా అవ్వ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆమె బతికినన్నాళ్ళూ నన్ను ఏ మాటకూ మధ్యలో ఆపలేదు.

తాత ఆ సాయంత్రమూ మరునాడూ ఉండి రెండున్నర అంగుళాల గొట్టం నిలబెట్టాడు. బావి అంచు దాటి ఇంకో నిలువెత్తు పైకి లేపాడు. పొగ మళ్ళీ కిందికి దిగకూడదని. ఇంజను లేపినప్పుడు దాని గొంతు మారిపోయింది. మోత లేదు, ఆయాసం లేదు. తన పని తాను చేసుకునే మనిషిలా తిరిగింది. ధార మునుపటిలాగే వచ్చింది. అయినా తాత సంతోషపడలేదు. ఇంజను ఆగనిదే, ఆగాక కంబళి ఆడించనిదే, ఒక్కరు కూడా మెట్టు దిగకూడదని నాయన చేత నా ముందే మాట తీసుకున్నాడు.

చిన్నాయన మూడో రోజు మాట్లాడాడు. ఇంటికి వచ్చాక చాలా నెలలు తలనొప్పితో బాధపడ్డాడు. చెప్పిన మాటే మళ్ళీ చెప్పేవాడు. కొన్ని చెట్ల చరిత్ర ఆయనకు గుర్తు లేకుండా పోయింది. తోటలో ఇంచుమించు సగం చెట్లు ఆ ఎండాకాలం దాటాయి. ఆయన వాటి మధ్యే ముసలివాడయ్యాడు. నేను సగం మాట మింగిన సంగతి ఆయనకు కూడా చెప్పాను. ఎప్పుడో, నాకు పెళ్ళయ్యాక. "నువ్వు చెప్పినా నేను ఇనేవాన్ని కాదులే" అన్నాడు. నిజమే కావచ్చు. కానీ వినడం, వినకపోవడం ఆయన వంతు. చెప్పడం నా వంతు.

ఆ రోజు నుంచి నాకొక అలవాటు వచ్చింది. ప్రమాదం అనిపిస్తే ఎవరు నొచ్చుకుంటారో చూసుకోను. మాట మధ్యలో ఆపను. చెప్పి వెళ్ళిపోను కూడా. విన్నారో లేదో నిలబడి చూస్తాను. దీని వల్ల చుట్టాల్లో నాకు గయ్యాళి అని పేరు వచ్చింది. రానీ.

మొన్న ఎండాకాలంలో కళ్యాణదుర్గంలో ఒక బట్టల అంగడికి పోయాను. కరెంటు పోయింది. కుర్రవాళ్ళు వెనక గదిలో జనరేటరు వేశారు. ఆ గదికి కిటికీ లేదు. అక్కడే కింద కూర్చుని ఇద్దరు ఆడపిల్లలు రవికెలకు కాజాలు కుడుతున్నారు. జనరేటరు బయట పెట్టమని అంగడాయనతో చెప్పాను. చూస్తామమ్మా అన్నాడు. "చూసేది కాదప్పా. ఆ పొగకు వాసన కూడా తెలియకపోవచ్చు. ఈ పిల్లోళ్ళు కూచున్నోళ్ళు కూచున్నట్లే చచ్చిపోతారు" అన్నాను. గిరాకీ అంతా తిరిగి చూసింది. ఆయన మొహం ఎర్రబడింది. పొద్దున్నే ఆ మాటేంది పెద్దమ్మా అన్నాడు. నేను ఆ పిల్లలిద్దరినీ ముందు లేచి బయటికి రమ్మన్నాను. వాళ్ళు ఆయన వైపు చూశారు, నా వైపు చూశారు, లేచారు. నేను చీర ఎంచుకోవడం మానేసి, ఇద్దరు కుర్రవాళ్ళు ఆ జనరేటరును ఈడ్చుకుంటూ రోడ్డు మీదికి తెచ్చేదాకా గడప దగ్గరే నిలబడ్డాను.